సామర్లకోట చెట్లకు విశ్వఖ్యాతి తెచ్చిన వైద్యుడు రాక్స్‌బర్గ్

* తెలుగు పేర్లతోనే మందుమొక్కల వివరాల నమోదు
* జ్వర చికిత్సకు సోమిద బెరడుపై ప్రయోగాలు
* చిత్రాలు గీసినవారు, పేర్లు చెప్పినవారు అజ్ఞాతంలోనే

సామర్లకోట అనగానే పంచారామాలలో ఒకటైన కుమారారామ భీమేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. నేటి కాకినాడ జిల్లాలోని ఈ పట్టణానికి వృక్షశాస్త్ర చరిత్రలోనూ విశిష్ట స్థానం ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఇక్కడికి వచ్చి సుమారు పన్నెండేళ్లు నివసించారు. పెద్దాపురం, రాజమహేంద్రవరం పరిసరాలలోని మొక్కలను పరిశీలించి, వాటిని తెలుగు పేర్లతో సహా ప్రపంచానికి పరిచయం చేశారు. భారత వృక్షశాస్త్ర పితామహుడని శాస్త్రలోకం ఆయనను గౌరవిస్తోంది. ఆ గౌరవానికి పునాది పడింది గోదావరి సీమలోనే.

వైద్య విద్యార్థిగా మొక్కల పాఠాలు

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండ్‌లోని క్రెయిగీ గ్రామ ప్రాంతంలో జన్మించారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆ కాలంలో ఔషధాలలో అధిక భాగం చెట్ల బెరళ్లు, వేళ్లు, ఆకులు, గింజల నుంచే లభించేవి. మొక్కను గుర్తించలేని వైద్యుడు మందును కూడా గుర్తించలేడని భావించేవారు. అక్కడి ఆచార్యుడు జాన్ హోప్ వద్ద ఆయనకు వృక్షశాస్త్రంపై మక్కువ ఏర్పడింది. కంపెనీ నౌకలలో సహాయ వైద్యుడిగా పనిచేసిన అనంతరం 1776లో మద్రాసులో ఉద్యోగంలో చేరారు. ఐదేళ్ల తరువాత సామర్లకోట సైనిక స్థావరానికి వచ్చారు.

ఆ రోజులలో ఉత్తర సర్కారులలో జ్వరాలు, రక్త విరేచనాలు ఎందరినో బలిగొనేవి. ఐరోపా నుంచి ఓడలలో రావలసిన మందులు ఖరీదైనవే కాక, నెలల తరబడి ప్రయాణంలో సారం కోల్పోయేవి. అందువల్ల స్థానికంగా లభించే మూలికలను పరిశీలించడం వైద్యుడికి అభిరుచి మాత్రమే కాదు, అవసరం కూడా అయింది. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో కంపెనీ కూడా ఈ కృషిని ప్రోత్సహించింది.

కాకినాడలో ఆగిన కొయినిగ్ ప్రస్థానం

ప్రసిద్ధ వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కొయినిగ్ రాక్స్‌బర్గ్‌కు మిత్రుడు, మార్గదర్శి. దక్షిణ భారతదేశమంతటా మొక్కల కోసం తిరిగిన కొయినిగ్ 1785లో ఈ తీరానికి వచ్చినప్పుడు రక్త విరేచనాలతో మంచం పట్టారు. రాక్స్‌బర్గ్ స్వయంగా చికిత్స చేసినా ఫలితం దక్కలేదు. కాకినాడలోని జగన్నాథపురంలో కొయినిగ్ కన్నుమూశారు. నిత్యం మన వంటలలో వాడే కరివేపాకు శాస్త్రీయ నామంలోని కొయినిగై అన్న పదం ఆయన పేరు మీదుగా వచ్చినదే.

రక్త విరేచనాలకు అప్పట్లో దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఇపెకాక్ అనే వేరును వాడేవారు. ఆ వేరుకు బదులుగా కోస్తా ప్రాంతంలో వెర్రిపాల తీగ వేరును ఉపయోగించడం రాక్స్‌బర్గ్ గమనించారు. కాకపాల అన్న పేరు కూడా ఉన్న ఈ తీగ వేరును ఆయన తన రోగులకు పలుమార్లు ఇచ్చి, ఇపెకాక్‌కు తీసిపోదని నిర్ధారణకు వచ్చారు. మద్రాసులో వైద్యుడైన జేమ్స్ ఆండర్సన్ కూడా ఇదే వేరుతో చికిత్స చేశారు.

చిల్లగింజ నుంచి మోదుగ వరకు

గ్రామీణులకు నిత్య పరిచితమైన మొక్కలెన్నో రాక్స్‌బర్గ్ రచనలలో చోటు చేసుకున్నాయి. కుండ లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి బురద నీరు పోస్తే కొంతసేపటికి మట్టి అడుగుకు చేరి, నీరు తేటపడుతుంది. గింజలోని పదార్థాలు నీటిలోని సన్నని మట్టి రేణువులను ఒకచోట చేర్చడమే ఇందుకు కారణం. యుద్ధ సమయాలలో ముందుచూపు గల సైనికులు ఈ గింజలను వెంట ఉంచుకునేవారని ఆయన నమోదు చేశారు.

చిల్ల చెట్టుకు దగ్గరి జాతిదే విషపూరితమైన ముష్టి. ఒకే కుటుంబానికి చెందిన ఈ రెండు చెట్లలో ఒకదాని గింజ నీటిని తేటపరిస్తే, మరొకదాని గింజ ప్రాణం తీస్తుంది. మోదుగ బెరడు నుంచి స్రవించే ఎర్రని బంకను, తెల్లమద్ది వంటి వృక్షాలను కూడా ఆయన పరిశీలించారు.

జ్వరానికి సోమిద బెరడు

రాక్స్‌బర్గ్ ఎక్కువగా ఆశలు పెట్టుకున్నది సోమిద చెట్టుపైన. సామర్లకోట, పెద్దాపురాలకు ఉత్తరాన ఉన్న కొండలలో ఇది పెరిగేది. ఎర్రని ఛాయతో, గట్టిగా, బరువుగా ఉండే దీని కలప ఎన్నాళ్లైనా చెక్కుచెదరదని స్థానికుల నమ్మకం. ఆలయాల నిర్మాణంలోనూ దానిని వాడేవారు. ఆయుర్వేదంలోని మాంసరోహిణి ఇదేనని పలువురు గుర్తిస్తారు.

దీని బెరడు చేదుగా, వగరుగా ఉంటుంది. నాడు జ్వరాలకు శరణ్యంగా ఉన్న దక్షిణ అమెరికా సింకోనా బెరడుకు ఇది ప్రత్యామ్నాయం కాగలదని రాక్స్‌బర్గ్ భావించారు. జ్వరాన్ని పారదోలేది అన్న అర్థంలో ఈ వృక్షానికి ఫెబ్రిఫ్యూగా అని నామకరణం చేశారు. బెరడు నమూనాలు స్కాట్లండ్‌కు చేరాయి. ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అనే యువ వైద్యుడు 1794లో తన వైద్య పట్టా సిద్ధాంత వ్యాసాన్ని సోమిదపైనే సమర్పించారు. అనంతరం ఎడింబరో ఔషధ గ్రంథంలోనూ ఈ బెరడుకు స్థానం లభించింది.

అయితే ఆశించినంత ఫలితం సమకూరలేదు. మద్రాసు వైద్యుడు విట్‌లా ఐన్‌స్లీ ఈ బెరడు మేలు చేస్తుందని అంగీకరిస్తూనే, మోతాదు మించితే తల తిరుగుడు, మగత కలుగుతాయని 1826లో వెలువడిన గ్రంథంలో హెచ్చరించారు. ఈలోగా 1820లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు సింకోనా బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. దానితో సోమిద వెనుకబడింది.

కరవులో చెట్ల ఆలోచన

మందుమొక్కలతోనే రాక్స్‌బర్గ్ కృషి ఆగలేదు. ఆయన సామర్లకోటలో మిరియాల తోట వేయించారు. రోజూ వాతావరణ వివరాలు నమోదు చేసేవారు. వరద ముంపులో ఆయన తొలినాళ్లలో సేకరించిన మొక్కలు, పుస్తకాలు నష్టపోయినా మళ్లీ సేకరణ ప్రారంభించారు. 1789 నుంచి 1792 వరకు సర్కారులను భయంకరమైన కరవు పీడించింది. వర్షాలు లేకపోయినా ఆహారం అందించగల కొబ్బరి, తాటి, పనస వంటి చెట్లను విరివిగా పెంచాలని ఆయన సూచించారు.

1789లో పాట్రిక్ రస్సెల్ స్వదేశానికి వెళ్లగా, మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడి బాధ్యత రాక్స్‌బర్గ్‌కు దక్కింది. స్థానిక చిత్రకారులను నియమించి మొక్కల వర్ణచిత్రాలు గీయించారు. ఆకు ఈనెలు, పూరేకులు, గింజలు విడివిడిగా కనిపించేలా వారు చిత్రించారు. వాటిలో నుంచి జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 చిత్రాలతో కోరమాండల్ తీరపు మొక్కలు అన్న బృహద్గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. వర్ణనలు ఆంగ్లంలో సాగినా, మొక్కల స్థానిక నామాలుగా అందులో తెలుగు పేర్లనే ఇచ్చారు.

సామర్లకోట నుంచి కలకత్తాకు

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపంలోని కంపెనీ వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లారు. సామర్లకోట బాధ్యతలు బెంజమిన్ హైన్ స్వీకరించారు. కలకత్తాలో చిత్రాల సంఖ్య 2,500 దాటింది. అనారోగ్యం కారణంగా 1813లో భారతదేశాన్ని వీడిన రాక్స్‌బర్గ్, 1815లో ఎడింబరోలో మరణించారు. ఆయన జీవితకాల పరిశోధన సారమైన ఫ్లోరా ఇండికా గ్రంథాన్ని ఆయన కన్నులారా చూసుకోలేకపోయారు. మిత్రుడు విలియం కేరీ శ్రీరాంపురంలో దాని ముద్రణను 1820లో ప్రారంభించగా, సంపూర్ణ గ్రంథం 1832లో వెలువడింది.

చెప్పినవారి పేర్లు లేవు

రాక్స్‌బర్గ్ కంపెనీ ఉద్యోగి. ఆయన పరిశోధనల వెనుక కంపెనీ లాభాపేక్ష ఉన్న మాట వాస్తవం. అయినా తాను చూసిన మొక్కకు స్థానికులు ఏ పేరు పెట్టారో, దేనికి వాడుతున్నారో ఆయన శ్రద్ధగా రాసి ఉంచారు. కానీ ఆ పేర్లు చెప్పిన నాటువైద్యులు, కొండదారులు చూపినవారు, సామర్లకోటలో చిత్రాలు గీసినవారు ఎవరన్నది ఆ గ్రంథంలో కనిపించదు.

1830లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్రియన్ జుస్యూ జ్వర వృక్షాన్ని ప్రత్యేక ప్రజాతిగా గుర్తించి, దానికి సోమిద అన్న తెలుగు పదాన్నే శాస్త్రీయ నామంగా స్థిరపరిచారు. ప్రపంచంలో ఏ దేశపు వృక్షశాస్త్ర విద్యార్థి అయినా నేడు ఆ చెట్టును తెలుగు పేరుతోనే వ్యవహరించాలి. పెద్దాపురం సీమలో ఎవరో ఒకరు ఆ చెట్టును చూపి, దాని పేరు చెప్పినందువల్లనే అది సాధ్యమైంది. చిల్లగింజ, వెర్రిపాల, సోమిద వంటి పేర్లు, వాటి గుణాలు ఎరిగిన పెద్దలు నేడు పల్లెలలో అరుదైపోతున్నారు. వారు చెప్పేది రాసి ఉంచుకోవలసిన బాధ్యత ఇప్పుడు ఈ ప్రాంతవాసులదే.