గోఖలే గీసిన మాయ, నా హీరో వీపు మీది బ్యాగు

మొన్న ఫెస్ట్ కోసం మా గ్యాంగ్ ఒక జానపద గేమ్ మొదలుపెట్టాం. హీరో బొమ్మ గీసే పని నాది. వీపుకి ఒక బ్యాగు తగిలించా. నడుముకి బకిల్, పక్కన బాటిల్ జేబు, పైన చుట్టిన మ్యాట్. అచ్చం నేను హార్స్‌లీ హిల్స్‌కి తీసుకెళ్ళే బ్యాగే! అది చూసి మా పుంగనూరు ఫ్రెండు, ఈ రాజకుమారుడు ఏ షాపులో కొన్నాడ్రా అని అడిగాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వా. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. మాయా లోకంలో వస్తువులు ఎక్కడ్నుంచి రావాలి? వెతుక్కుంటూ పోతే మాధవపెద్ది గోఖలే దొరికారు.

పేరు వినకపోయినా ఆయన పని మనందరం చూసిందే. పాతాళభైరవి (1951), మాయాబజార్ (1957) సినిమాలకి కళాధర్‌తో కలిసి కళాదర్శకత్వం చేసింది ఆయనే.

గోఖలే 1917లో గుంటూరు జిల్లా బ్రాహ్మణకోడూరులో పుట్టారు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదురి దగ్గర చిత్రకళ నేర్చుకున్నారు. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది. ఆయన మంచి కథకుడు. ఆ కథల్లో రాజులూ మాంత్రికులూ కనపడరు. పల్లెటూరి పేదవాళ్ళు, రైతులు, గొడ్డూ గోదా కనపడతాయి. మాట కూడా ఆ పల్లె మాటే.

సినిమాల్లో కూడా ఆయన మాయతోనే ఆగిపోలేదు. షావుకారు, పెళ్ళిచేసి చూడు, మిస్సమ్మ అన్నీ ఇళ్ళ మధ్య నడిచే కథలు. మామూలు మనుషుల ఇల్లు ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యే మాంత్రికుడి గుహనీ, ఘటోత్కచుడి రూపాన్నీ ఊహించింది.

మాయాబజార్ ఇంకోసారి చూడండి. ద్వారక నగరం సుమారు 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో కట్టిన చిన్న నమూనా. సరే, అది గొప్ప పనే. కానీ మనకి గుర్తుండిపోయేవి చిన్న వస్తువులు. మాయా విడిదిలో తిరగబడే మంచం, దానంతటదే చుట్టుకుపోయే కంబళి. ఘటోత్కచుడు ఖాళీ చేసే గంగాళాలు, పళ్ళాలు మన పెళ్ళి వంటశాలలో ఉండేవే. శశిరేఖకి అభిమన్యుణ్ణి చూపించే ప్రియదర్శిని కూడా చూడ్డానికి మూత తెరిచే పెట్టె, అంతే. ఇవాళ మనం దాన్ని ల్యాప్‌టాప్ అని జోక్ చేసుకుంటాం.

ఈ ఊహలన్నీ ఒక్కరివే అనను. పింగళి రాత, కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లీ కెమెరా, కళాధర్ చెయ్యి, వందల మంది వడ్రంగుల, పెయింటర్ల శ్రమ అందులో ఉన్నాయి. కానీ నాకర్థమైంది ఒకటి. మంచం మన ఇంటి మంచంలా ఉంటేనే, అది తిరగబడినప్పుడు మాయ అనిపిస్తుంది. మొదటే వింత వస్తువైతే, అది ఏం చేసినా ఆశ్చర్యం ఉండదు.

గోఖలే 1981లో పోయారు. ఆయన కథల్ని ఇప్పుడు చదివేవాళ్ళు తక్కువ. ఆయన ఊహించిన లోకాన్ని మాత్రం టీవీలో ఎప్పుడేసినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు.

ఫాంటసీ గీసేవాళ్ళు ఎక్కడైనా తమకి తెలిసిన సామాన్లే గీస్తారు. కొండలెక్కేవాళ్ళ బ్యాగు అలా వాళ్ళ వీరుల వీపు మీదికి చేరింది. అందులో తప్పేం లేదు. నేను చేసిన తప్పు, వాళ్ళు చూసిందాన్ని చూసి గీయడం. మదనపల్లె దాటి బస్సులో పోతుంటే గొర్రెలు తోలుకెళ్ళే తాత రోజూ కనిపిస్తాడు. భుజాన మడిచిన కంబళి, చేతిలో కర్ర, కర్ర చివర సద్దిమూట. వానొస్తే ఆ కంబళే గొడుగు, రాత్రికి అదే పక్క. ఇంతకన్నా మంచి ట్రెక్కింగ్ గేర్ ఏముంటుంది?

హీరోని మళ్ళీ గీశా. బ్యాగు తీసేసి కంబళి వేశా, కర్రకి మూట కట్టా. కుప్పం నుంచి వచ్చే మా జూనియర్ అది చూసి, అన్నా, మా తాత లాగున్నాడే అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.