పదేళ్ల గ్యాప్... అయినా పార్లమెంటు దాకా!

రెజ్యూమెలో ఏడాది గ్యాప్ ఉంటే చాలు, ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎప్పుడొస్తుందా అని గుండెల్లో దడ. బీటెక్ అయ్యాక ఏడాది ఖాళీగా ఉన్న నాకు ఆ దడ బాగా తెలుసు. మరి చదువులో పదేళ్లకు పైగా గ్యాప్ వచ్చినా రాజ్యాంగాన్ని రాసిన సభలో కూర్చున్న మన తెలుగావిడ సంగతి తెలుసా? ఆవిడే దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పన్నెండేళ్లప్పుడు, ఇంగ్లిష్ మీడియం చదువు వద్దంటూ బడి మానేశారు. అలాగని ఖాళీగా కూర్చోలేదు. హిందీ నేర్చుకుని, రాజమండ్రిలోనే ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీర్‌గా ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర నిలబడి, టికెట్ లేదని ఏకంగా నెహ్రూనే ఆపేశారు! 1930-33 మధ్య ఉప్పు సత్యాగ్రహం, ఆ తర్వాతి ఉద్యమాల్లో మూడుసార్లు జైలుకెళ్లారు. మదురై జైల్లో ఒంటరి గదిలో కూడా ఉంచారు.

అసలు మలుపు ఆ జైల్లోనే. చట్టం తెలియక, తమ తరఫున వాదించుకోలేక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను అక్కడ చూశారు. లా చదవాలని నిర్ణయించుకున్నారు. కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు. పైగా లా చదవాలంటే, తాను వద్దని వదిలేసిన ఇంగ్లిష్ రావాల్సిందే. పంతానికి పోలేదు. పాతికేళ్ల వయసులో మళ్లీ పుస్తకం పట్టి, బెనారస్ హిందూ యూనివర్సిటీ మెట్రిక్ రాశారు. ఆంధ్ర యూనివర్సిటీలో సీటు అడిగితే ఆడపిల్లలకు హాస్టల్ లేదన్నారు. ఆవిడ పేపర్లో ప్రకటన ఇచ్చి, చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి హాస్టల్ ఏర్పాటు చేసేశారు. పొలిటికల్ సైన్స్ డిగ్రీ తర్వాత 1942లో మద్రాసులో లా పూర్తిచేసి లాయరయ్యారు.

1946లో, 37 ఏళ్లకు రాజ్యాంగ సభ సభ్యురాలు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఏకైక మహిళ ఆవిడే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసు 35 ఉండాలని ముసాయిదాలో ఉంటే, 30 చాలని సవరణ తెచ్చి ఒప్పించారు. ఇప్పటికీ అదే రూలు.

1952లో పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు. అక్కడితో కెరియర్ ఆగలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి చైర్‌పర్సన్ అయ్యారు. మధ్యలో చదువు ఆగిపోయిన మహిళలు తక్కువ కాలంలో మెట్రిక్ స్థాయికి చేరేలా ఆ బోర్డు కండెన్స్‌డ్ కోర్సులు పెట్టింది. అంతకుముందే, 1937లో మద్రాసులో ఆవిడ మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ కూడా అమ్మాయిలను బెనారస్ మెట్రిక్‌కు తయారుచేసింది. అంటే, తాను పడ్డ ఇబ్బందే ఇతరులకు దారైంది. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981లో కన్నుమూశారు.

గ్యాప్ ఉన్నంత మాత్రాన అందరం పార్లమెంటుకు వెళ్లిపోం. ఆవిడ కూడా వదిలేసిన పరీక్షను మళ్లీ రాయకుండా ముందుకెళ్లలేదు. అందుకే ఈసారి ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే తల దించుకోకండి. ఆ ఏడాది ఏం చేశారో, ఏం నేర్చుకున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పడానికి ఏమీ లేదా? ఇవాళే ఏదో ఒకటి మొదలుపెట్టేయండి!