కోతపండుగ విందు – కాటన్ దొరగారి జీవితము

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 26:1–11, నెహెమ్యా 8:9–12



మాసూళ్లు ముగిసి కొత్త ధాన్యము ఇంటికి చేరిన పిమ్మట మన సంఘములలో కోతపండుగ జరుగును. వరిపనలు, కొబ్బరికాయలు, అరటిగెలలు, గుమ్మడికాయలు, కోళ్లు ఆలయమునకు తెచ్చి దేవుని సన్నిధిని ఉంచుదుము. ఆరాధన అయిన తరువాత వాటిని వేలము వేయుదుము. అటుపిమ్మట ఇండ్లకు వెళ్లి విందుకు కూర్చుందుము. ఐ.పోలవరము చుట్టుపట్ల ఆ దినమున ఏ ఇంట చూచినను పొయ్యి రాజుచునే యుండును. కొత్త బియ్యపు అన్నము, ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు, కోడికూర, కొబ్బరిపాలు పోసి బెల్లముతో వండిన పరమాన్నము విస్తరిలోనికి వచ్చును. పట్నములలో ఉద్యోగము చేయు కుమారులు, గల్ఫు దేశములనుండి సెలవుపై వచ్చిన ఆడపడుచులు, వియ్యాలవారు, ఇరుగుపొరుగువారు ఒకే వరుసను కూర్చుందురు. అమెరికా దేశమున నవంబరు నెల నాలుగవ గురువారమున ఇటువంటి కృతజ్ఞతా విందునే చేయుదురు. దేశము ఏదైనను, పంట చేతికి వచ్చినప్పుడు మనుష్యుడు ఒంటరిగా తినలేడు.

ఆ విస్తరిలోని అన్నము మనకు ఎట్లు వచ్చినది? దేవుడిచ్చెనని చెప్పుదుము, అది సత్యమే. అయినను దేవుడు మనుష్యుల చేతులమీదుగా ఇచ్చును. ఆ చేతులలో ఒకరివి సర్ ఆర్థర్ కాటన్ దొరగారివి. ఈ మాసము ఆయన జీవితమును ధ్యానింతము.

కాటన్ గారు 1803 మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించిరి. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదవవాడు. పదునైదేండ్ల ప్రాయముననే సైనిక ఇంజనీరింగు విద్యకు చేరి, 1821లో మద్రాసునకు వచ్చిరి. అప్పటికి ఆయనకు పదునెనిమిదేండ్లు. దక్షిణ జిల్లాలలో చెరువుల పని చూచుటతో ఆయన సేవ మొదలైనది. బర్మా యుద్ధమునకును వెళ్లి వచ్చిరి. ఆయన బైబిలును నమ్మి, దాని ప్రకారము నడుచుకొన గోరిన భక్తుడు. తన పనిని దేవుడు తనకప్పగించిన గృహనిర్వాహకత్వమని తలంచెను.

తంజావూరు సీమలో ఆయన ఒక గొప్ప పాఠము నేర్చుకొనిరి. కావేరిమీద చోళరాజుల కాలమున కట్టిన పాత ఆనకట్ట ఒకటి ఉన్నది. ఇసుకలో పునాది నిలుచునా అని అప్పటి ఇంజనీర్లు సందేహించుచుండగా, ఆ ఆనకట్ట ఇసుకలోనే వందల యేండ్లుగా నిలిచియుండెను. మన దేశపు పూర్వుల జ్ఞానమునొద్ద ఆయన శిష్యునివలె కూర్చుండిరి. ఆ పాఠముతోనే 1836లో కొల్లడము నదిమీద ఆనకట్టలు కట్టించి తంజావూరు పొలములకు నీరు నిలిపిరి.

అదే కాలమున మన గోదావరి సీమ స్థితి ఏమి? 1832–33 నందన నామ సంవత్సరమున వచ్చిన కరువును మన పెద్దలు డొక్కల కరువని పిలిచిరి. గుంటూరు సీమలో లక్షలమంది చనిపోయిరి. గోదావరి సీమయు ఆ బాధ తప్పించుకొనలేదు. 1839 నవంబరులో తుపాను వచ్చి, మన పోలవరమునకు గౌతమి ఆవలనున్న కోరంగి రేవును సముద్రము ముంచివేసెను. కరువు, తుపాను, పన్నుల భారము కలిసి జిల్లా జనాభాను లక్షకు పైగా తగ్గించివేసినవి. విచిత్రమేమనగా, ఈ ఆకలి అంతయు ఒక మహానది ఒడ్డుననే కలిగెను. వరదకాలమున గోదావరి ఊళ్లను ముంచి పోవును. ఎండకాలమున నీరు సముద్రములో కలిసిపోవును. కుండ నిండుగా ఉండి, బిడ్డ దాహముతో చచ్చినట్లుండెను.

కాటన్ గారు అప్పటికి ఆరోగ్యము చెడి, సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతమునకు వెళ్లియుండిరి. అక్కడ 1841లో ఎలిజబెత్ లెర్మంత్ అను ఆమెను వివాహమాడిరి. తిరిగి వచ్చిన పిమ్మట గోదావరి తీరమంతయు పరిశీలించి, 1844లో ప్రభుత్వమునకు నివేదిక వ్రాసిరి. ధవళేశ్వరమువద్ద నదికి అడ్డముగా ఆనకట్ట కట్టి, కాలువలద్వారా డెల్టా అంతటికి నీరు పంపవచ్చునని ఆయన వాదన. కంపెనీవారికి ఖర్చే కనబడెను. ఆయనకు ఆకలిగొన్న ఇండ్లు కనబడెను. ప్రజలు బ్రదికిన యెడల ప్రభుత్వమునకు శిస్తును పెరుగునని లెక్కలు వేసి చూపి ఒప్పించిరి. 1846 డిసెంబరులో అనుమతి వచ్చెను. 1847లో పని ప్రారంభమాయెను.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచినది. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి రాళ్లు తెచ్చిరి. వేలకొలది కూలివారు, వడ్రంగులు, కమ్మరులు పనిచేసిరి. వీణం వీరన్నగారు అను మన తెలుగు ఉద్యోగి కూలివారిని సమకూర్చి, పని నడిపించుటలో కుడిభుజమై నిలిచెను. ఎండకు, జ్వరమునకు కాటన్ గారి దేహము తట్టుకొనలేక, కొంతకాలము పనిని కెప్టెన్ ఓర్ అను అధికారికి అప్పగించి వెళ్లవలసి వచ్చెను. అయినను పని ఆగలేదు. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. ఆ రోజులలోనే గన్నవరమువద్ద వైనతేయ పాయమీద నలువది తొమ్మిది కమానులతో అక్విడక్టు కట్టి, నగరపు లంకకు నీరు దాటించిరి. ఆ పని నడిపినవాడు హేగ్ అను యువ అధికారి. నదిమీదుగా మరియొక నది నడిచినట్లు కాలువ దాటుచుండగా చూచి ప్రజలు ఆశ్చర్యపడిరి.

ఇచ్చట ఒక మాట దాచక చెప్పవలెను. ఆ రాళ్లు మోసినవారు, ఆ కాలువలు త్రవ్వినవారు ఎవరు? వారిలో అనేకులు పాలేళ్లు, కూలివారు, సొంతముగా సెంటు భూమి లేనివారు. కాలువ నీరు వచ్చినప్పుడు భూమి ఉన్నవారి గాదెలు నిండెను. భూమి లేనివారికి పని దొరికెను, కూలిగింజలు దొరికెను. కాని పొలము దొరకలేదు. మన సంఘములలో అనేక కుటుంబముల పెద్దలు ఆ చేతులవారే. కంపెనీకి ఆనకట్ట లాభసాటి పెట్టుబడియే అయినది. కాటన్ గారిని తలంచుకొనునప్పుడు ఈ పేరులేని వేలమందిని మరచుట న్యాయము కాదు. ఆయన గీత గీసెను. వారు మట్టి మోసిరి. దేవుడు ఇరువురి కష్టమును ఎరిగియున్నాడు.

ఆనకట్ట విలువ 1876–78 మధ్య తేటపడెను. మద్రాసు రాజధానిలో మహాకరువు వచ్చి లక్షలకొలది జనము నశించిరి. అప్పుడు గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తినుటయే గాక, ఇతర జిల్లాలకు ధాన్యము పంపగలిగెను. నలువది నాలుగేండ్ల క్రిందట ఆకలితో పడిపోయిన సీమ ఇప్పుడు ఇతరులకు వడ్డించు సీమయాయెను. యోసేపు ఐగుప్తు కొట్లు తెరచిన సంగతి ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును.

కాటన్ గారికి 1861లో సర్ అను బిరుదు వచ్చెను. ఆయన విశ్రాంతి తీసికొని ఇంగ్లండునకు వెళ్లినను, ఆయన మనస్సు ఇక్కడి పొలములలోనే యుండెను. 1878లో, డెబ్బదియైదేండ్ల వయస్సున, పార్లమెంటు విచారణ సంఘము ఎదుట నిలిచి, ఇండియాకు రైళ్లకంటె నీటిపారుదల ముందు కావలెనని వాదించిరి. అనేకులు ఆయనను మొండివాడనిరి. ఆయన తన మాట విడువలేదు. ముదిమిలో డార్కింగు అను ఊరిలో తన తోటలోనే లోతుగా దున్ని గోధుమలు పండించి, కొద్ది నేలనుండి ఎక్కువ ఆహారము తీయు మార్గమును పరీక్షించుచుండిరి. 1899 జూలై 24న తొంబదియారేండ్ల ప్రాయమున ప్రభువునందు నిద్రించిరి.

ఆయన కుమార్తె ఎలిజబెత్ అనునామె లేడీ హోప్ అను పేరున ప్రసిద్ధికెక్కెను. తండ్రి జీవితచరిత్రను 1900లో ప్రచురించినది ఆమెయే. ఆమె అదే డార్కింగులో కూలివారికొరకు కాఫీ గది ఒకటి తెరచెను. సారా దుకాణము తప్ప కూర్చుండుటకు చోటులేని పనివారికి అక్కడ వేడి కాఫీ, ఆహారము, దేవుని వాక్యము దొరికెను. తండ్రి డెల్టా అంతటికి నీరు పంపెను. కుమార్తె అలసినవారిని కూర్చుండబెట్టి వడ్డించెను. రెండును ఒకే పరిచర్య అని మేము తలంచుచున్నాము.

నేడు ఆ పాత ఆనకట్టకు బదులుగా 1970లో మొదలై 1982లో పూర్తియైన బ్యారేజి నిలిచియున్నది. దానికి కాటన్ గారి పేరే పెట్టిరి. దానిక్రింద ఇంచుమించు పది లక్షల ఎకరములు సాగగుచున్నవి. మే 15న మన జిల్లాలలో అన్ని మతములవారును ఆయన విగ్రహములకు పూలమాలలు వేయుదురు. మనము మనుష్యుని పూజింపము. అయినను మేలు చేసినవానిని మరచుటయు భక్తి కాదు.

ఇక మన విందునకు వత్తము. మన ఊరి పేరు ముందున్న అక్షరము ఐలండు అను మాటకు గుర్తని పెద్దలు చెప్పుదురు. చుట్టును గౌతమి పాయలు, ముందు సముద్రము. ధవళేశ్వరమువద్ద బయలుదేరిన నీరు ఎన్నో ఊళ్లు దాటి, చిట్టచివరకు మన ప్రాంతమునకు వచ్చును. ఎగువను నీరు సమృద్ధిగా ఉన్నను, దిగువకు చేరని సంవత్సరములు మనకు తెలియును. పంట గిట్టుబాటు కాక 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పొలములను బీడుగా విడిచి, పంట విరామము పాటించిరి. కౌలు రైతు అప్పు తీర్చలేక తలవంచుకొను ఇండ్లు మన వీధులలోనే ఉన్నవి. అటువంటి సంవత్సరము కోతపండుగ చేయవలెనా అని కొందరు మమ్మును అడిగిరి.

ఆ ప్రశ్న వినినప్పుడు మాకు 1996 నవంబరు 6 రాత్రి గుర్తునకు వచ్చును. ఆ తుపాను మన తీరమునే తాకెను. వేయిమందికి పైబడి ప్రాణములు పోయెను, ఐ.పోలవరము, తాళ్లరేవు ప్రాంతపు లంకలు ఘోరముగా దెబ్బతినెను. ఈనిన వరి నేలకొరిగెను, కొబ్బరిచెట్లు కూలిపోయెను. ఆ దినములలో ఏ కుండలో గుప్పెడు బియ్యమున్నను, అది ఆ ఇంటివారిది మాత్రమే కాలేదు. మిగిలిన గోడల ప్రక్కన కలిసి వండుకొని, గంజియైనను పంచుకొని త్రాగిరి. పరమాన్నము లేదు, కోడికూర లేదు. అయినను ఆ గంజికి కృతజ్ఞత చెల్లించిన నోళ్లను మేము ఎరుగుదుము. హబక్కూకు ప్రవక్త పంట లేని పొలమును చూచియు ప్రభువునందు ఆనందించిన సంగతి వారికి బోధించనక్కరలేదు.

కాబట్టి పండుగ చేయుదము. కాని ఎవరితో చేయుదము? మోషే ధర్మశాస్త్రము ప్రథమఫలములు తెచ్చినవానితోపాటు లేవీయుని, పరదేశిని కూర్చుండబెట్టినది. నెహెమ్యా దినములలో ప్రజలు తాము తినుటయే గాక, తమకొరకు ఏమియు సిద్ధపరచుకొననివారికి వంతులు పంపిరి. ప్రభువైన యేసు తిరిగి పిలువలేనివారిని విందుకు పిలువుమని నేర్పెను. కోత కోసి, కుప్ప నూర్చిన కూలివాని ఇంటిలో పండుగనాడు పొయ్యి వెలుగక, మన ఇంట మూడు కూరలు వడ్డించుకొన్న యెడల, మన కృతజ్ఞత దేవునియొద్దకు చేరునా? కాలువ మంచిదో కాదో ఎగువ పొలమును చూచి చెప్పరాదు. చిట్టచివరి మడిలో నీరు నిలిచినప్పుడే తెలియును. మన విందును అట్టిదే. చివరి విస్తరిని చూచిన తరువాతనే అది ఎట్టిదో చెప్పవలెను.

ఈ సంవత్సరము ప్రతి ఇంటివారును ఒక విస్తరి ఎక్కువగా వేయవలెనని మా మనవి. ఆ విస్తరి విధవరాలికో, పంట పోయిన కౌలుదారునికో, మాట పట్టింపుతో రెండేండ్లనుండి గడప త్రొక్కని తోబుట్టువునకో కావచ్చును. పిలుపు పంపుటతో ఆగక, వెళ్లి చేయిపట్టి తీసికొని రండి. వంట తక్కువైనను సరే; అన్నము పంచుకొన్న చోట కొరత ఉండదు.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, వానను నదిని ఇచ్చిన నీకును, నీ చిత్తమును ఎరిగి కష్టపడిన నీ దాసులకొరకు నీకును స్తోత్రము. పేరు తెలియని కూలివారి కష్టమును మేము మరువకుండునట్లు చేయుము. మా బల్లకు దూరముగా ఉన్నవారిని మాకు చూపుము. యేసు నామమున వేడుచున్నాము, తండ్రీ. ఆమేన్.