రిచర్డ్ ఫైఫర్: చచ్చిన క్రిమిలో విషాన్ని కనిపెట్టిన డాక్టరు



పత్తి సీజన్ వస్తే మన ఆదోనిలో మార్కెట్ యార్డు నుంచి జిన్నింగ్ మిల్లుల దాకా గాలిలో నూగు తేలుతూనే ఉంటుంది. ఆ దుమ్ముకూ, ఈ నెల మనం పరిచయం చేస్తున్న జర్మన్ శాస్త్రవేత్తకూ సంబంధం ఉంది. మీ పిల్లలకు చదివి వినిపించండి.

రిచర్డ్ ఫైఫర్ 1858లో పుట్టారు. సైన్యంలో వైద్యుడిగా పనిచేసి, 1887లో బెర్లిన్‌లో రాబర్ట్ కోచ్‌కు సహాయకుడిగా చేరారు. డిఫ్తీరియా క్రిమి బతికుండగానే విషం వదులుతుందని అప్పటికే తెలుసు. మరి కలరా క్రిమి? ఫైఫర్ దాన్ని వేడిచేసి చంపి గినీ పందులకు ఎక్కించారు. అయినా అవి చనిపోయాయి. అంటే విషం క్రిమి ఒంట్లోనే ఉంది, అది చచ్చి పగిలితే బయటపడుతోంది. 1892 నాటి ఈ పరిశోధనతోనే 'ఎండోటాక్సిన్', అంటే లోపలి విషం, అనే ఆలోచన పుట్టింది.

1896లో ఆయన చంపిన టైఫాయిడ్ క్రిములతో మనుషులకు టీకా వేసి చూశారు. బొంబాయిలో ప్లేగును పరిశీలించడానికి మరుసటి ఏడాది జర్మన్ బృందంతో మన దేశానికి వచ్చారు.

ఆయన పొరబడిందీ ఉంది. ఫ్లూ జ్వరానికి ఒక బ్యాక్టీరియా కారణమని 1892లో ప్రకటించారు. అసలు కారణం వైరస్ అని 1933లో తేలింది. అప్పటికి ఫైఫర్ బతికే ఉన్నారు. 1945లో కన్నుమూశారు. ఒక మాట తప్పయింది, మరో మాట నిలిచింది. మార్కులు తగ్గిన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక మన పత్తి మాట. పత్తి మొక్క మీద పెరిగే కొన్ని బ్యాక్టీరియా చచ్చినా, వాటి ఎండోటాక్సిన్ దుమ్ములో మిగులుతుంది. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చేవారికి బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. సెలవు తర్వాత పనికెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగపట్టడం దాని గుర్తు. బీడీ, సిగరెట్ అలవాటుంటే ముప్పు ఇంకా ఎక్కువ.

మీరు ఆదోని మిల్లులో పనిచేసినా, ఎమ్మిగనూరులో నూలు పని చేసినా ముక్కుకు మంచి మాస్కు పెట్టుకోండి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి. వాళ్లను పత్తి కుప్పల్లో ఆడనివ్వకండి. ఆయాసం కనిపిస్తే దగ్గు మందుతో సరిపెట్టక, మీరు చేసే పనేమిటో డాక్టరుకు చెప్పండి.