లేని యంత్రానికి లెక్క కూర్చిన విదుషి

అడా లవ్‌లేస్ 1815 డిసెంబరు 10న లండన్ నగరంలో జన్మించింది. తండ్రి ప్రసిద్ధ ఆంగ్లకవి బైరన్. బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే తల్లి భర్తను వీడి పుట్టింటికి చేరింది. తండ్రి మరల కూతురిని చూడలేదు. 1824లో గ్రీసు దేశంలో కన్నుమూశాడు. ఆయన ఆవేశం బిడ్డకు సంక్రమించరాదని తలచిన తల్లి ఆమెకు చిన్ననాటినుండే గణితం చెప్పించింది. విశ్వవిద్యాలయాలు స్త్రీలకు తలుపు తెరవని కాలమది. చదువంతా ఇంటివద్దనే సాగింది.

1833లో ఆమెకు ఛార్లెస్ బాబేజ్‌తో పరిచయమైంది. అనంతరం ఆయన ఊహించిన విశ్లేషక యంత్రం జకార్డు మగ్గంవలె చిల్లుల అట్టల ఆదేశంతో నడవవలసినది. దానిపై ఇటలీ దేశీయుడు మెనబ్రియా 1842లో ఫ్రెంచి భాషలో వ్రాసిన వ్యాసాన్ని అడా అనువదించి, మూలంకంటె పెద్దవైన వివరణలు జోడించింది. 1843లో అవి అచ్చయినపుడు రచయిత్రి పేరుకు బదులు మూడు పొడి అక్షరాలే కనిపించాయి.

ఆ వివరణలలో రెండు భావాలు ముఖ్యమైనవి. ఏలూరు తివాచీలో ఒకే పువ్వు వరుసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ప్రతి పువ్వుకూ కొత్త నమూనా అక్కరలేదు. అట్లే ఒకే అట్టల గుంపును వెనుకకు త్రిప్పి ఎన్నిసార్లయినా వాడవచ్చునన్నది మొదటిది. నేడు దీనినే లూప్ అంటున్నాము. ఒక గణనలోని క్రియలను అనేక క్రమాలలో అమర్చవచ్చుననీ, వాటిలో కాలం తక్కువ పట్టే క్రమాన్ని ఎంచుకోవాలనీ చెప్పినది రెండవది.

కొల్లేటి పరిసరాలలో పది చేపల చెరువులున్న రైతు మేతకు ఒకసారి, నీటిమట్టం చూడడానికి మరొకసారి గట్లన్నీ తిరగడు. ఒక్క చుట్టులోనే రెండు పనులూ ముగిస్తాడు. మేత తూచే కాటాకోసం చెరువు చెరువుకూ ఇంటికి పోడు, ముందే వెంట తెచ్చుకుంటాడు. మనం వ్రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలర్ చేసేదీ ఇదే. రెండు లూపులను ఒకటిగా కలుపుతుంది. మారని లెక్కను లూపునుండి వెలుపలికి తెస్తుంది. అయితే ఒక చెరువు వదలిన నీరే తరువాతి చెరువుకు చేరవలసి ఉన్నప్పుడు ఆ వరుసను తారుమారు చేయరాదు. ఫలితం చెడని మార్పే మార్పు.

ఇదంతా అడాకు తెలుసుననడం అతిశయోక్తి. 1957లో బాకస్ బృందం ఫోర్ట్రాన్ కంపైలర్‌ను వెలువరించేదాకా ఈ విద్యకు రూపమే లేదు. తరువాత ఫ్రాన్సిస్ అలెన్, జాన్ కాక్ ఇటువంటి మార్పులను పట్టికగా కూర్చారు. అలెన్ 2006 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న తొలి మహిళ.

అడా చివరి వివరణలో బెర్నూలీ సంఖ్యలను గణించే పట్టిక ఉంది. అందులో ఎవరి పాలు ఎంత, ఆమెదా బాబేజ్‌దా అని పండితులు నేటికీ వాదిస్తున్నారు. ఆ పట్టికలో ఒకచోట భాగహారం తలక్రిందులై అచ్చయింది. యంత్రం పూర్తికాలేదు గనుక దానిని నడిపి చూచే అవకాశం ఆమెకు దక్కలేదు.

1852 నవంబరు 27న, 36 ఏళ్ళ వయసులో, అడా మరణించింది. ఆమె కోరిక మేరకు హక్‌నాల్ గ్రామంలోని చర్చిలో, ఎరుకలేని తండ్రి ప్రక్కన, ఆమెను ఖననం చేశారు.