జాన్ మెక్రెడీ

విమానము యుద్ధమునకే గాక కర్షకునకును ఉపకరింపగలదని లోకమునకు జూపిన ధీరుడు జాన్ మెక్రెడీ. ఈయన 1887వ సంవత్సరమున అమెరికాదేశమునందలి శాండియాగో పట్టణమున జన్మించెను. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్య ముగించి, మొదటి మహాయుద్ధకాలమున సైన్యమునందు వైమానికుడయ్యెను.

1921వ సంవత్సరమున ఓహయో రాష్ట్రమున ట్రాయ్ పట్టణము చెంత నొక కెటాల్పా చెట్లతోపును గొంగళిపురుగులు తినివేయుచుండెను. ఆగస్టు 3వ తేదీన మెక్రెడీ సీసముతో గూడిన పాషాణచూర్ణమును విమానమున నింపుకొని బయలుదేఱెను. ఆయన తోపు నడినెత్తికి బోలేదు. గాలి వచ్చు వైపున, తోపు అంచు వెంబడి, మిక్కిలి తక్కువ యెత్తున పలుమాఱులు ఎగిరెను. చూర్ణమును గాలియే చెట్లపైకి గొనిపోయెను. ఆఱెకరముల పని యొక నిమిషము లోపలనే ముగిసెను, పురుగులు నశించెను.

1923లో ఈయన ఓక్లీ కెల్లీతో గూడి, నడుమ నెచ్చటను దిగక, అమెరికాను ఈ తీరమునుండి ఆ తీరమునకు దాటి ఖ్యాతి గాంచెను. 1979లో దివంగతుడయ్యెను.

ఈ చరితము చదివినపుడు మాకు అరకులోయ తలంపునకు వచ్చినది. అచ్చట చేలు కొండవాలులందున్నవి. వాని క్రిందుగా గెడ్డలు పాఱుచున్నవి. గెడ్డల యొడ్డున గూడెములు గలవు. మందును ఆకునకు జేర్చు గాలియే దానిని గెడ్డకును గూడెమునకును జేర్చును. కేరళమున కాసరగోడు జీడితోటలపై 2000వ సంవత్సరము వఱకు హెలికాప్టరులనుండి చల్లిన ఎండోసల్ఫాను ఎందఱినో బాధించెను.

కావున సోదర విద్యార్థులారా, మెక్రెడీ నేర్పునే గాక గాలి పోవు దిక్కున నివసించువారిని గూడ మనము స్మరింతము గాక.