భాషల తలుపు తెరిచిన గురువు కొమీనియస్

టీచర్ ట్రైనింగ్ చదివే ప్రతి ఒక్కరికీ కొమీనియస్ పేరు తెలుసు. కానీ పరీక్షలో ఒక చిన్న ప్రశ్నకు జవాబుగా చదివి అక్కడితో మరిచిపోతుంటారు. ఆయన జీవితం మనలాంటి హాస్టల్ విద్యార్థులు తప్పక తెలుసుకోవలసినదని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఆయన అమ్మానాన్నలు లేకుండా పెరిగారు. అసలైన చదువు ఆలస్యంగా మొదలుపెట్టారు. అయినా ప్రపంచానికి భాషలు నేర్పే దారి చూపించారు.

ఆయన అసలు పేరు యాన్ ఆమోస్ కొమెన్‌స్కీ. 1592 మార్చి 28న మొరేవియాలో జన్మించారు. ఆ ప్రాంతం నేడు చెక్ దేశంలో ఉంది. చిన్న వయసులోనే తల్లిదండ్రులు చనిపోగా బంధువుల ఇంట పెరిగారు. 16 ఏళ్ల వయసులో గానీ లాటిన్ బడిలో చేరే అవకాశం రాలేదు. ఆ రోజుల్లో యూరప్‌లో పై చదువు చదవాలంటే లాటిన్ రావాలి. మనకు ఇంగ్లీషు ఎలాగో వాళ్లకు లాటిన్ అలాగ. కానీ నేర్పే పద్ధతి మాత్రం ఘోరంగా ఉండేది. అర్థం కాని వ్యాకరణ సూత్రాలను బట్టీ పట్టించేవారు. అప్పజెప్పలేకపోతే బెత్తం దెబ్బలు తప్పేవి కావు. తోటి పిల్లలకంటే వయసులో పెద్దవాడైన కొమీనియస్ ఇవన్నీ గమనించారు. తప్పు పిల్లల బుర్రలో లేదు, నేర్పే తీరులో ఉందని గ్రహించారు.

పై చదువులకు జర్మనీ వెళ్లి, 1614లో తిరిగి వచ్చి తాను చదివిన బడిలోనే ఉపాధ్యాయుడయ్యారు. ఇంతలో 1618లో ముప్ఫై ఏళ్ల యుద్ధం మొదలైంది. ఆయన ఇల్లు, పుస్తకాలు పోయాయి. 1622లో ప్లేగు వ్యాధికి భార్య, ఇద్దరు పిల్లలు బలయ్యారు. మతం కారణంగా 1628లో స్వదేశం విడిచి పోలండ్‌లోని లెష్నో పట్టణానికి వలస వెళ్లారు. మళ్లీ సొంత ఊళ్లో ఉండే అదృష్టం ఆయనకు కలగలేదు.

లెష్నో బడిలో పాఠం చెబుతూ 1631లో ఒక లాటిన్ పుస్తకం రాశారు. దాని పేరుకు ‘తెరిచిన భాషల తలుపు’ అని అర్థం. సుమారు 8,000 మాటలను 1,000 వాక్యాలలో, 100 అధ్యాయాలలో అమర్చారు. వ్యవసాయం, వంట, శరీరం, చెట్లు ఇలా విషయాల వారీగా పాఠాలు ఉంటాయి. లాటిన్ పక్కనే మాతృభాషలో అదే వాక్యం ఉండే ముద్రణలు త్వరలోనే వచ్చాయి. తెలిసిన భాష చేయి పట్టుకుని తెలియని భాషలోకి వెళ్లాలన్నది ఆయన పద్ధతి.

అయితే ఆ పుస్తకం కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు బరువైపోయింది. అప్పుడు ఆయన పిల్లలను మందబుద్ధులని తిట్టలేదు. పుస్తకాన్నే మార్చారు. 1633లో సుమారు 1,000 మాటలతో ఇంకా తేలికైన పుస్తకం రాసి దానికి ‘వసారా’ అని అర్థమిచ్చే పేరు పెట్టారు. ముందు వసారా, తర్వాత తలుపు, ఆపైన లోపలి హాలు. ఎవరు ఏ మెట్టు మీద ఉంటే వారికి ఆ మెట్టు మీదనే పాఠం.

1650 నుండి 1654 వరకు హంగరీలోని షారోష్‌పటాక్‌లో పనిచేస్తూ పాఠాలను నాటకాలుగా మార్చి పిల్లలతో ఆడించారు. 1658లో బొమ్మల పుస్తకం అచ్చయింది. బొమ్మలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె వేసి, అదే అంకెను మాట పక్కన వేశారు. అక్షరాలను సైతం కాకి, గొర్రెపిల్ల వంటి వాటి అరుపులతో నేర్పారు. చదవడం రాని పిల్లవాడికి కూడా అందులో చోటుంది.

తరగతిలో చురుకైన వారినీ నిదానంగా నేర్చుకునే వారినీ విడదీయకుండా కలిపి కూర్చోబెట్టాలని ఆయన వాదించారు. పది మందికి ఒక విద్యార్థి నాయకుడు ఉండి తోటివారికి సాయపడాలన్నారు. పేద, ధనిక, ఆడ, మగ తేడా లేకుండా అందరికీ చదువు చెప్పాలన్నారు.

1656లో లెష్నో తగలబడింది. దశాబ్దాల పాటు కూర్చిన చెక్, లాటిన్ నిఘంటువు రాతప్రతి బూడిదయింది. అప్పటికి ఆయనకు 64 ఏళ్లు. అయినా కలం వదలలేదు. ఆమ్‌స్టర్‌డామ్ చేరి రచనలు కొనసాగించారు. 1670 నవంబర్ 15న కన్నుమూశారు. నేటికీ చెక్ దేశంలో ఆయన పుట్టినరోజునే ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

మిత్రులారా! మన స్టడీ అవర్‌లో ఒకరు ఇంగ్లీషు పేపరు గడగడా చదువుతారు, పక్కనే ఇంకొకరు అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటారు. ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో పుస్తకం మూసేసి, చివరికి చదువే మానేసి ఇంటికి వెళ్లిపోయిన తమ్ముళ్లు ఎందరో ఉన్నారు. వారికి తెలివి లేక కాదు, మొదటి మెట్టు దొరకక. పై మెట్టు ఎక్కిన వారం మనం కిందికి చేయి అందిద్దాం. బొమ్మ గీసి చూపిద్దాం, తెలుగులో అర్థం చెబుదాం, చిన్న నాటికలో చిన్న పాత్ర ఇద్దాం. ఆలస్యంగా మొదలుపెట్టిన ప్రతి తమ్ముడికీ మేము చెప్పేది ఒక్కటే. 16 ఏళ్లకు లాటిన్ బడిలో చేరినవాడే లోకానికి భాషల తలుపు తెరిచాడు.